నెత్తిమీద పరుగు

మొన్నటిదాకా మా ఆయన ఆదోనిలో రోడ్డు మీద పరుగెత్తేవాడు. మా అత్తను మట్టి చేసి వచ్చిన మరుసటి పొద్దు నుంచి మా నెత్తిమీద పరుగెత్తడం మొదలుపెట్టాడు. కోపంకొద్దీ అంటున్న మాట కాదిది. ఎమ్మిగనూరులో మా అత్తది మట్టిమిద్దె. దూలాలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద ఈతచాపలు, ఆపైన జానెడు మన్ను. ఆ మన్ను మీద ఆయన, కింద మేము.

ఆయన పేరు మద్దిలేటి. ఆదోని పత్తి మార్కెట్లో కాటా దగ్గర పని. కాటా మద్దిలేటి అంటే ఎవరికీ తెలియదు. రోజూ పరుగెత్తే మద్దిలేటి అంటే మాత్రం పాలవాడి నుంచి పోలీసుదాకా తెలుసు. ఒక్క రోజు తెంపలేదు. ఎన్నేళ్ళని నన్ను అడగొద్దు. ఆయన్ను అడిగితే రోజులతో సహా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. మా పెండ్లయి ఎన్నేళ్ళయిందని అడిగితే మాత్రం వేళ్ళు ముడుస్తూ విప్పుతూ కూచుంటాడు.

ఆయనకు సుగరు వచ్చింది. నడవమన్నది డాక్టరు. పరుగెత్తమన్నది సేతుమాధవరావు సారు. ఆ సారు ఆదోనిలో బడి పంతులుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. వాళ్ళ పెద్దలు మంత్రాలయం మఠంలో సేవ చేసినవాళ్ళు. నిష్ఠ అంటే ఆయనకు ప్రాణం. బడి లేకపోయేసరికి ఆ నిష్ఠనంతా ఎవరి మీద పెట్టాలో తెలియక, తెల్లవారుజామున రోడ్డు మీద కనిపించినవాళ్ళనందరినీ కూడగట్టి ‘సూర్యోదయ పరుగు మండలి’ అని పెట్టారు. దానికొక నియమం. సూర్యుడు పొడవకముందే ఆ రోజు పరుగు అయిపోవాలి. అయిపోయిన గుర్తుగా ఫోనులో ఫోటో పెట్టాలి. సూర్యుడు పొడిచాక ఊరు చుట్టి వచ్చినా అది పరుగు కింద రాదు. ఒక్క రోజు తప్పిందా, వెనకటివన్నీ పోయినట్టే. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మోకాళ్ళ నొప్పులని సారు మాత్రం పరుగెత్తరు. స్కూటరు మీద పక్కనే వస్తూ విజిల్ ఊదుతారు.

ఆ మండలిలో మొదట చాలామంది చేరారు. చలికాలం వచ్చేసరికి సగం మంది దుప్పట్లోకి పోయారు. ఎండాకాలానికి మిగిలినవాళ్ళకూ ఏదో ఒక పని తగిలింది. మిగిలింది మా ఆయన. అప్పటినుంచి సారుకు మా ఆయనే మండలి, మా ఆయనకు సారే సూర్యుడు.

లోకానికి తెలియని సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళు తెంపకుండా పరుగెత్తిన మనిషికి తనంతట తాను నిద్ర లేవడం రాదు. ఫోనులో అలారం పెట్టుకుంటాడు. అది మోగితే నేను లేస్తాను, పక్కింటివాళ్ళు లేస్తారు, కుక్క లేస్తుంది, ఆయన లేవడు. భుజం పట్టి ఊపాలి. ఊపితే ‘ఊఁ’ అంటాడు. ఆ ‘ఊఁ’ నమ్మకూడదు. ఇంకోసారి ఊపి, కూచోబెట్టి, ముఖాన తడిచెయ్యి పెడితే అప్పుడు లేస్తాడు. లేచాక చూడాలి ఆ దర్జా! మేజోళ్ళు ఏవి, బొత్తాం ఊడిన నిక్కరు కుట్టినావా, రాగి అంబలి చల్లారిందా. అన్నీ అందుకుని బయటపడి, తిరిగొచ్చి, ‘నిన్నటికంటే బాగా పరుగెత్తినా’ అంటాడు. నిన్న కూడా అదే మాట. ఆయన చెప్పినట్టు రోజూ పెరుగుతూ పోతే ఈపాటికి రైలును దాటాలి.

మా కూతురు సుధ పెండ్లినాడు, పెండ్లికూతురికి నలుగు పెట్టాల్సిన వేళకు తండ్రి లేడు. చేతికి కంకణం, కాళ్ళకు బూట్లు, ఆస్పరి రోడ్డు మీద ఉన్నాడు. కీళ్ళ జ్వరం వచ్చి ఊళ్ళో అందరూ మంచాన పడితే, ఈయన వీధి గోడ పట్టుకుని కుంటుకుంటూ పరుగెత్తాడు. దాన్ని పరుగంటే మా బర్రెకు నవ్వొస్తుంది. మంత్రాలయం పోయినప్పుడు దర్శనం వరుసలో నన్ను నిలబెట్టి, ఇప్పుడే వస్తానని పోయి బస్టాండు చుట్టూ పరుగు తీశాడు. కుక్కలు వెంటపడ్డాయి. చెమటతో వచ్చి, “ఈపొద్దు వేగం బాగొచ్చినాది” అన్నాడు. దేవుడి ముందు నిలబడి ఏం మొక్కుకున్నాడో నాకు తెలుసు. తెగకూడదని.

జనం మెచ్చుకున్నారు. శాలువాలు కప్పారు. మా ఇంట్లో ఒక పెట్టెనిండా శాలువాలే. కప్పుకునే చలి ఆదోనిలో లేదు.

ఇదంతా నేను నవ్వుకుంటూ భరించాను. మా అత్త మంచాన పడేదాకా.

మా అత్త పేరు హులిగమ్మ. మగ్గం మీద చీరలు నేసి కొడుకును పదిదాకా చదివించింది. భర్త పోయాక కూడా ఎమ్మిగనూరు వదిలి మాతో ఆదోనికి రాలేదు. “మీ సిమెంటు ఇంట్లో నాకు ఊపిరాడదు పో” అనేది. ఆ మిద్దె మీద ఆమెకు అంత ప్రాణం. మట్టిమిద్దెకు ఏటా వానలకు ముందు కొత్త మన్ను తోలి పరిచి, తడిపి, దిమ్మిస చేయాలి. అది ఇంటి మగవాడి పని. పిల్లప్పుడు మా ఆయన మిద్దె మీద ఎగిరితే కింద నుంచి కట్టెతో చాపల మీద పొడుస్తూ అరిచేదట. “దిగురా దొంగనాకొడకా, అన్నంలో మన్ను పడతాంది!” ఈ ముచ్చట ఆమె నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ నవ్వేది.

పరుగు మొదలయ్యాక మన్ను పని ఆగింది. ‘ఈ ఆదివారం పెద్ద పరుగుంది, వచ్చే ఆదివారం తోలిస్తా’ అనేవాడు. వచ్చే ఆదివారం ఇంకా పెద్ద పరుగు ఉండేది. వానకు మిద్దె కారితే అత్త గిన్నెలు పెట్టుకుని కూచునేది. కొడుకును ఒక్క మాట అననిచ్చేది కాదు. “పోనీలేవే రేణుకా, వానికేదో ఒగ ముచ్చట” అనేది.

ఆమెకు ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయాక నేను ఎమ్మిగనూరు వచ్చి ఉండిపోయాను. ఆయన పనీ పరుగూ అంటూ ఆదోనిలోనే ఉన్నాడు. మరి ఆయన్ను లేపేదెవరు? ఇక్కడి నుంచి నేనే. తెల్లవారుజామున ఫోను చేసేదాన్ని. ఎత్తేదాకా చేసేదాన్ని. అత్త పడక మార్చి, తుడిచి, ఫోను చెవికి ఆనించుకుని, “లేచినావా, కూచున్నావా, కాళ్ళు కింద పెట్టినావా” అని అడిగేదాన్ని. అత్త వింటూ పడుకుని నవ్వేది. సగం మూతితోనే నవ్వేది.

చివరికి కళ్ళు కూడా మసకబారాయి. వెలుగు తప్ప మనుషులు కనిపించేవాళ్ళు కాదు. పొద్దు గూకితే ఒకటే మాట.

“దీపం పెట్టినావా?”

“పెట్టినా అత్తా.”

“ఆరనీకుండా సూడే. సీకట్లో నాకు దిక్కు తెలియదు.”

కరెంటు దీపం ఉన్నా ఆమెకు ప్రమిదే కావాలి. అది ఆమె తల దగ్గర తెల్లార్లూ వెలిగేది.

ఆ పొద్దు మామూలుగానే ఫోను చేసి ఆయన్ను లేపాను. కాళ్ళు కింద పెట్టినానన్నాడు. ఫోను పెట్టేశాను. కాసేపటికి అత్త ఊపిరి మారింది. గొంతులో గురగుర. “మద్ది… మద్ది…” అంటోంది. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. కొడుకు గొంతు వినిపిద్దామని ఫోను ఆమె చెవి దగ్గరే పట్టుకున్నాను. ఆయన ఫోనుకు చేస్తే డప్పుల పాట వినిపిస్తుంది. ఉత్సాహం రావాలని పెట్టించుకున్నాడు. మా అత్త ఆ డప్పులు వింటూ పోయింది.

పొద్దు పొడుస్తుండగా ఆయనే చేశాడు. రొప్పుతున్నాడు.

“ఏందే, లేచినాలే! పరుగులో ఉంటే ఎన్నిసార్లు చేస్తావు?”

నేను మళ్ళీ లేపడానికే చేస్తున్నానని అనుకున్నాడట. ఇన్నేళ్ళు ఆయన్ను లేపినందుకు నాకు దక్కింది అదీ. నా ఫోను అంటే అలారమే. దానిలో మనిషి మాట ఉంటుందని ఆయనకు తోచలేదు.

మట్టి అయింది. మా చిన్నత్త అంజినమ్మ, అంటే మా అత్తకు చెల్లెలు, వచ్చి పెద్దరికం చేసింది. ప్రాణం పోయిన చోట అలికి, ముగ్గేసి, ప్రమిదలో దీపం పెట్టించింది.

“కర్మ చేసే దినం అయ్యేదాకా ఇది ఆరకూడదు, ఈడ నుంచి కదపకూడదు” అని నాకు చెప్పింది. “మా అక్క పోయేదోవకు ఇదే వెలుగు.” మా ఆయన వైపు తిరిగి, “కర్మ పట్టినోనివి నువ్వు. దినం దాకా కాళ్ళకు చెప్పులుండకూడదు, వీధి దాటకూడదు. ఆ ఫోనులో మేళాలు మోగకూడదు” అంది.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. తల్లి పాడె ఎత్తినప్పుడు కూడా అంత పాలిపోలేదు. మూలకు పోయి సారుకు ఫోను కలిపాడు. నాకు రెండువైపులా వినిపించింది.

“సార్, ఇట్లా ఇంట్లో నియమం. వీధి దాటకూడదంట. మరి పరుగు…”

“ఏమప్పా, మద్దిలేటి, నియమం నియమమే. తప్పరాదు. కర్త ఇల్లు దాటరాదు, పాదరక్షలు ధరించరాదు. అంతవరకే. పరుగెత్తరాదని యాడా చెప్పలేదు. మీ ఇంటికి మిద్దె ఉందా?”

“ఉంది సార్.”

“ఇంకేమప్పా మరి! మిద్దె ఇంట్లో భాగమే గదా. వట్టికాళ్ళతో పరుగెత్తు. అదీ నిష్ఠే, ఇదీ నిష్ఠే.”

సారు ఉండేది ఆదోనిలో సిమెంటు ఇంట్లో. మిద్దె అంటే ఆయనకు తెలిసింది పైన నీళ్ళ ట్యాంకు, బట్టలు ఆరేసే తీగ. మట్టిమిద్దె అని మా ఆయన చెప్పలేదు. చెబితే ఎక్కడ వద్దంటారోనని చెప్పలేదు.

మరుసటి తెల్లవారుజామున నేనే లేపాను. ఎందుకు లేపానంటే ఏం చెప్పను? చెయ్యి అలవాటుపడింది. దీపానికి నూనె పోసి, అదే చేత్తో ఆయన భుజం ఊపాను. నిచ్చెన ఎక్కి పోయాడు. దబ్ దబ్ దబ్ మని మొదలయింది. ఈ కొస నుంచి ఆ కొసకు పది అంగలు కూడా ఉండవు. అంతలోనే తిరగాలి. తిరిగినప్పుడల్లా మడమ కింద మన్ను నలిగి చాపల సందుల్లోంచి బొలబొల రాలింది. పడుకున్న చిన్నత్త ముఖం మీద, నీళ్ళ బిందెలో, దీపం మీద. వత్తి చిటచిటమంది. కిందనుంచి కట్టెతో పొడిచి తిట్టే మనిషి లేదు. మూలనున్న చేట తీసి దీపానికి పైగా పట్టుకుని కూచున్నాను.

పొరుగింటి ఏసమ్మక్క అంతకుముందే వచ్చి తలుపు దగ్గర కూచుంది. కూలిపనికి పోయే మనిషి. మా అత్తతో ముప్పై ఏళ్ళ స్నేహం. పైకి చూసింది.

“ఏమే రేణుకా, పైన ఎద్దునేమన్నా కట్టేసినారా?”

“మా ఆయన అక్కా.”

“ఎవురెంటబడి పోతాండాడు?”

“ఎవరూ లేరు.”

“మరి ఎవురన్నా తరుముతాండారా?”

“ఎవరూ లేరక్కా.”

“అయ్యో పాపం” అంది ఏసమ్మక్క, నిజంగా జాలిపడినట్టే. “మా దేవుడు గూడా లోకమంతా చేసి ఏడో దినం కాళ్ళు సాపుకున్నాడంట. మీ ఆయన దేవునికన్నా పనిమంతుడు.”

అంజినమ్మ చిన్నత్త నిద్రలోంచి లేచి తలమీద మన్ను దులుపుకుంది. దులుపుకుంటూ నన్నే కసిరింది.

“దీపం మీద చేట పట్టేదేందే? యాడన్నా ఉందా?”

“మన్ను పడతాంది చిన్నత్తా.”

“పడితే పడనీ. వాడు ఆపితే సుగరు తలకెక్కుతాది. మగపిల్లోని ఒళ్ళు చూసుకోవద్దా?”

“సుగరు తలకెక్కినాకే గదా మిద్దె ఎక్కినాడు” అంది ఏసమ్మక్క.

ఆ రోజు నుంచి నా పొద్దు అట్లా కుదిరింది. లేవడం, నూనె పోయడం, ఆయన్ను లేపడం, ఆయన పైకి పోగానే చేట పట్టుకుని కూచోవడం. పైన ఆయన, కింద నేను. ఆయన కాలు పడ్డ చోటల్లా చేట మీద మన్ను టపటపమనేది. చేతులు పీక్కుపోయేవి. ఒక చెయ్యి మార్చి ఇంకో చెయ్యి. దిగి వచ్చి ముఖం తుడుచుకుంటూ, “చిన్న జాగా గదా, తిరగలేక సచ్చినా” అనేవాడు. ఆ తర్వాత నేను ఇల్లంతా ఊడ్చేదాన్ని. చేటెడు మన్ను వచ్చేది. మిద్దెకు మన్ను తోలించమంటే తోలించని మనిషి, ఉన్న మన్ను కూడా ఇంట్లోకి దింపుతున్నాడు.

ఒక పొద్దు పైన అడుగులు ఆగాయి. పైకప్పులో వెలుతురుకు వదిలిన కంత ఉంది, గవాచి అంటాం. దానిలోంచి చూశాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తున్నాడనుకున్నాను. దిగి వస్తాడు, దీపం దగ్గర కూచుంటాడు అనుకున్నాను. ఫోను వైపు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడుపుకు కూడా సమయం చూసుకునే మనిషిని నేను అప్పుడే చూశాను.

దినానికి ముందురోజు కొళాయి నీళ్ళు వచ్చాయి. మర్నాటి వంటకు నీళ్ళు కావాలి. ఆయన్ను లేపి, “నేను వచ్చేదాకా ఎక్కొద్దు, దీపం దగ్గర ఎవరూ లేరు” అని చెప్పి బిందెలు తీసుకుని పోయాను. చిన్నత్త ముందే అక్కడ వరుసలో ఉంది. తిరిగి వచ్చేసరికి ఆయన చెమటతో దీపం దగ్గర కూచుని ఉన్నాడు. ఎప్పుడూ ఆ దరిదాపులకు రాని మనిషి. దీపం వెలుగుతోంది. పక్కన కాలిన అగ్గిపుల్ల. ప్రమిదలో నూనె బురదగా ఉంది. అరచేయంత మన్ను పెళ్ళ ముగ్గులో పగిలి పడి ఉంది.

బిందె దించాను.

“ఆరిపోయిందా?”

“యాడ? ఎలుగుతాంది గదా.”

“అగ్గిపుల్ల ఏంది మరి?”

“పెళ్ళ పడె. దబ్బుమన్నంక దిగొచ్చి ముట్టించినా. ఎంతసేపు ఆరింది, ఇట్లా అనేలోపల. ఎవురికి తెలుస్తాది?”

“ఆగమని చెప్పి పోతి గదా.”

“పొద్దు పొడుస్తాంటే ఎట్ల ఆగేది?” అన్నాడు. నేను చూస్తున్న చూపుకు గొంతు తగ్గించి, “మళ్ళీ ముట్టించినా గదా, ఏమాయ? దీపం దీపమే. అంతా ఒగటే అగ్గి.”

నేను ఆయనతో గట్టిగా మాట్లాడిన మనిషిని కాను. ఆ పొద్దు నోరు తనంతట తానే లేచింది.

“అట్లయితే నీ పరుగు గూడా ఒగరోజు ఆపు. మర్సటి దినం మొదలుపెట్టు. పరుగు పరుగే. అంతా ఒగటే కాళ్ళు.”

ఆయన నా వైపు చూసిన చూపు! వాళ్ళమ్మ దీపం ఆరితే రాని భయం ఆ ముఖంలోకి అప్పుడొచ్చింది.

“ఏం మాటలే అవి? తెగితే పాయ. మళ్ళీ ఒగటి నుంచే.”

“దీపానికి అట్ల లేదా?”

“అది వేరే” అన్నాడు.

చీపురు తీసుకుని పెళ్ళ ఊడ్చాను. చిన్నత్తకు చెప్పలేదు. చెప్పి ఏం చేయాలి? అత్త దారిలో ఎంతసేపు నిలబడిపోయిందో, దిక్కు తెలియక ఎటు తడుముకుందో, అది చిన్నత్త చెప్పగలిగేది కాదు.

ఆ సాయంత్రం ఆయన నా పక్కకు వచ్చి కూచున్నాడు. ఫోను నా ముందు పెట్టాడు.

“రేపు మధ్యాన్నం సారువాళ్ళు వస్తాండారు. ఇది చూడు, ఇప్పుడే పంపినారు.”

ఫ్లెక్సీ బొమ్మ. నిలువెత్తు మా ఆయన, నిక్కరూ బూట్లూ, పిడికిలి బిగించి. మూలన కోడిగుడ్డంత జాగాలో మా అత్త, ఆధారు కార్డు మీది ముఖం. పైన పెద్ద అక్షరాలు: ‘అమ్మ పోయినా ఆగని అడుగు’.

చాలాసేపు చూశాను. ఆమె పేరు కోసం వెతికాను. లేదు.

“ఇది వద్దని చెప్పు.”

“ఎట్ల చెప్పేది? అచ్చు గూడా అయిపోయింది. దినంలో శాలువ కప్పుతారంట.”

“అయితే రేపు ఒక్కరోజు ఆపు. రేపు అమ్మ దినం. ఆపినావంటే సారు వచ్చినా ఏం కప్పుతాడు, ఊరికే దండం పెట్టి పోతాడు.”

ఆయన ఫోను తీసుకుని బొమ్మ ఆర్పేశాడు. తల వంచుకుని కాలి మడమ మీద పగుళ్ళు గిల్లుకుంటూ కూచున్నాడు. వట్టికాళ్ళతో పరుగెత్తి పాదాలు పచ్చిపుండ్లయి ఉన్నాయి.

“ఆ పొద్దు ఆపలేదు గదే నేను” అన్నాడు. “ఫోను కొట్టుకుంటాంటే సూసి గూడా ఎత్తలేదు. కొంచెమే మిగిలిండె. అమ్మ పిలుస్తాంటే ఆపనోన్ని ఇప్పుడు ఆపితే, ఆ పొద్దు ఏంటికి ఆపలేదని ఎవురన్నా అడిగితే ఏం చెప్పాల?”

ఎవరూ అడగరు. ఎవరికీ తెలియదు. అడిగేది తానే.

అప్పుడు నాకు తెలిసింది, ఈ మనిషి ఇక చచ్చేదాకా పరుగెత్తుతాడని. పరుగు మీద ఇష్టంతో కాదు, సుగరుకు కాదు, సారుకు కాదు. ఆ పొద్దు చేసింది సరైనదే అనిపించుకోవడానికి. తల్లి చావును తీసుకెళ్ళి ఆ పరుగుకు కట్టేశాడు. ఇంక అది ఆగదు. జాలేసింది. కానీ ఆ జాలి పైకి రాలేదు. మనసులో మెదిలింది ఒకటే మాట. థూ, ఫోను ఎత్తకపోయినదానికి ‘ఆగని అడుగు’ అని ఇంత పెద్ద పేరా.

“అన్నం పెడతా రా” అన్నాను.

దినం పొద్దు ఎప్పటి వేళకే నాకు మెలకువ వచ్చింది. కోడి కూసింది. ఏ ఇంట్లోనూ మగ్గం ఇంకా మొదలవలేదు. ప్రమిదలో నూనె చూశాను. ఇంకా ఉంది. ఆయన చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అలారం మోగకూడదని చిన్నత్త చెప్పింది కాబట్టి ఫోను నోరు మూసి పక్కన పెట్టుకున్నాడు.

చెయ్యి తనంతట తాను ఆయన భుజం దాకా పోయింది. అక్కడ ఆగింది. నేనే ఆపానో, అదే ఆగిందో చెప్పలేను. వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకున్నాను.

చేట గోడకు ఆనించి ఉంది. ముట్టుకోలేదు. ఈ పొద్దు దానికి పని లేదు.

చిన్నత్త లేచి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. పైకప్పు వైపు చూసింది. చెవి ఒగ్గింది.

“ఏమే, సప్పుడు లేదు?”

“నిద్రపోతాండాడు.”

“లేపలేదా?”

“దినమంతా కూచోవాల గదా చిన్నత్తా. పడుకోనీ కాసేపు.”

“అవులే” అంది చిన్నత్త. “మంచిపని. పాపం, వాని ఒళ్ళు హూనమైపాయ.” బియ్యం ఏరడానికి పోయింది.

వాకిట్లో ఏసమ్మక్క దగ్గింది. లోపలికి తొంగి చూసింది. ఆయన్ను చూసింది, దీపాన్ని చూసింది, గోడకున్న చేటను చూసింది. అంత నోరున్న మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వచ్చి నా పక్కన కూచుంది.

ఇన్ని రోజుల్లో అంత నిమ్మళంగా ఆ దీపం వెలగడం మొదటిసారి చూశాను. వత్తి కదలలేదు. రాలే మన్ను లేదు. ఆమెకు ఇప్పుడు దారి కనిపిస్తూ ఉంటుందనుకున్నాను.

గవాచి కంత నల్లగా ఉన్నది బూడిదరంగుకు వచ్చింది. తర్వాత తెల్లబడింది. ఆయన ఒకసారి ఒత్తిగిలాడు. “ఊఁ” అన్నాడు, ఎవరూ లేపకుండానే. నేను కదలలేదు. ఆ ‘ఊఁ’ సంగతి నాకు తెలియనిది కాదు. మళ్ళీ గురక మొదలయింది.

ఫోను వెలిగింది. సారు. గుర్రు గుర్రుమంటూ నేలమీద వణికింది. ఆగింది. మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆగింది. ఏసమ్మక్క నా మోచేతిని పొడిచింది.

“ఎవురే?”

“సారు.”

“ఎత్తవా?”

“ఎత్తను” అన్నాను.

ఎండ గవాచిలోంచి దిగి గోడమీద రూపాయి బిళ్ళంత పడింది. మెల్లగా జారుతూ ఆయన పాదాల దాకా వచ్చింది. ఫోను ఇంకోసారి వణుకుతూ కొంచెం కొంచెంగా జరిగి చేట అంచుకు తగిలింది. నేను ప్రమిదలో నూనె పోసి, వత్తి ఎగదోసి, ఆయన్ను లేపకుండా కూచున్నాను.